క్లయింట్ తరఫున చేసే పనుల్లో ఏవి పీఎంఎల్‌ఏ కిందికి వస్తాయి? (చిన్న సీఏ ఫర్మ్, నాలుగు సందేహాలు)

బెజవాడ_లెడ్జర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇద్దరు భాగస్వాములున్న సీఏ ఫర్మ్ గురించి అడుగుతున్నాను. ప్రాక్టీసులో ఉన్న సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్)లను మనీ లాండరింగ్ నిరోధక చట్టం (పీఎంఎల్‌ఏ) కిందికి తెచ్చిన 2023 మే 3 నోటిఫికేషన్, ఆ వెంటనే వచ్చిన మే 9 నోటిఫికేషన్ రెండూ చదివాను. ఆడిట్ రాదు, ఐటీ రిటర్న్ రాదు అన్నంతవరకు స్పష్టంగానే ఉంది. తెగనివి ఈ నాలుగు:

1. డాలస్‌లో ఉండే క్లయింట్. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నాయి. పోరంకిలో ఆయన ఇళ్ల స్థలం 85 లక్షలకు అమ్మకానికి కుదిరింది. జీపీఏ (ఆయన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) మా భాగస్వామి పేరున ఉంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం కూడా ఆయనే పెట్టాలి. సొమ్ము మాత్రం నేరుగా క్లయింట్ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ప్రవాసుల రూపాయి ఖాతా) పోతుంది. డబ్బు మా చేతికి రానప్పుడు మాకు బాధ్యత ఉంటుందా?

2. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి రిజిస్టర్డ్ ఆఫీసుగా మా ఆఫీసు అడ్రసే ఇచ్చాం. నెలకు 2,000 ఇన్‌వాయిస్ చేస్తాం.

3. ఏడెనిమిది మంది చిన్న వ్యాపారులు జీఎస్టీ, టీడీఎస్ డబ్బు మా కరెంట్ అకౌంట్‌కు వేసేస్తారు. చలానాలు మేం కడతాం.

4. రెండో ప్రశ్నలోని కంపెనీలో వాటాలు ఇలా ఉన్నాయి: ఒక హోల్డింగ్ కంపెనీకి 60 శాతం, ఒకాయనకు 30, ఒకావిడకు 10. హోల్డింగ్ కంపెనీలో ముగ్గురికి 70, 20, 10. బెన్-2 (కంపెనీల చట్టం కింద అసలు యజమానుల వివరాలిచ్చే ఫారం) ఫైల్ అయ్యే ఉంది. పీఎంఎల్‌ఏ అడిగే బెనిఫిషియల్ ఓనర్ల (కంపెనీ వెనక ఉన్న అసలు మనుషుల) కోసం అదే ఫైల్లో పెట్టుకుంటే చాలదా?

రూల్‌_తొమ్మిది

మొదటి ప్రశ్నకు నా జవాబు. మే 3 నోటిఫికేషన్‌లో ఐదు పనులున్నాయి: స్థిరాస్తి కొనడం, అమ్మడం; క్లయింట్ డబ్బు, సెక్యూరిటీలు, ఇతర ఆస్తులు చూసుకోవడం; బ్యాంకు లేదా సెక్యూరిటీల ఖాతాలు నడపడం; కంపెనీల ఏర్పాటుకు, నిర్వహణకు పెట్టుబడి సమకూర్చే పని; కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు, ట్రస్టులు ఏర్పాటు చేయడం, నడపడం, వ్యాపార సంస్థలను కొనడం, అమ్మడం. ఈ ఐదింటికీ తాళంచెవి ఒకటే మాట, "క్లయింట్ తరఫున". ఆ లావాదేవీ మీరు చేశారా, లేక క్లయింట్ చేసుకున్నదాని మీద సలహా, సర్టిఫికెట్, ఆడిట్ ఇచ్చారా అన్నదే గీత. డబ్బు మీ ఖాతాలోంచి వెళ్లిందా లేదా అన్నది గీత కాదు.

జీపీఏ పట్టుకుని సేల్ డీడ్ మీద సంతకం పెడితే అది ఆయన తరఫున ఆస్తి అమ్మడమే. సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు నేరుగా పోయినా పరిధిలోకి వచ్చేశారు. అదే అమ్మకానికి క్యాపిటల్ గెయిన్స్ లెక్క మాత్రం వేసిచ్చి ఊరుకుంటే రాదు. ఒకే క్లయింట్, ఒకే స్థలం అయినా మీరు చేసిన పనిని బట్టి జవాబు మారిపోతుంది.

ఫైల్లో ఏముండాలో చూద్దాం. గుర్తింపుకు పాస్‌పోర్టు, దాంతో పాటు పాన్. అమెరికా పాస్‌పోర్టులో చిరునామా ఉండదు. విదేశీ పౌరుడు చూపించిన పత్రంలో చిరునామా లేకపోతే, ఆ దేశ ప్రభుత్వ శాఖలు ఇచ్చిన పత్రం తీసుకోవచ్చని పీఎంఎల్‌ఏ రికార్డుల రూల్స్‌లోని రూల్ 9 చెబుతుంది. కాబట్టి టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు చిరునామా రుజువుగా చెల్లుతుంది. గుర్తింపు పత్రాల జాబితాలో కనిపించే "డ్రైవింగ్ లైసెన్సు" మాత్రం మన దేశానిదే. రెండూ కలిపేయకండి.

మనిషి ఎదురుగా లేడు కాబట్టి కాపీలు ఎవరు సర్టిఫై చేశారన్నది ముఖ్యం. జీపీఏ ఎలాగూ కాన్సులేట్‌లోనో, నోటరీ, అపోస్టిల్ పద్ధతిలోనో అవుతుంది. అదే రోజు పాస్‌పోర్టు కాపీ, లైసెన్సు కాపీ కూడా అక్కడే అటెస్ట్ చేయించి పంపమనండి. ఆ తర్వాత అడిగితే నెల పడుతుంది, వాట్సాప్‌లో సెల్ఫ్ అటెస్టెడ్ ఫోటో వస్తుంది. దాన్ని ఫైల్లో పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం ఒకటే.

ఇంకొకటి, ఆధార్ ఇస్తే నంబరు నల్లగా కొట్టేసిన కాపీయే తీసుకోవాలి. ఆథెంటికేషన్ అక్కర్లేని చోట నంబరు కనబడకుండా చేయించే బాధ్యత మనదే.

గుర్తింపుతో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు ప్రశ్న, ఆ స్థలం ఆయనకు ఎలా వచ్చింది? కొన్నారా, నాన్నగారు గిఫ్ట్ డీడ్ రాశారా, వీలునామానా? లింకు డాక్యుమెంట్లు, ఈసీ తెప్పించుకోండి. కొనుగోలుదారు ఎవరు, సొమ్ము ఏ ఖాతా నుంచి వస్తోంది అన్నదీ ఒక పేజీలో రాసి పెట్టండి. కొనేవాడు మీ క్లయింట్ కాదు, ఆయన కేవైసీ మీ బాధ్యత కాదు. కానీ సేల్ డీడ్‌లో ఉన్న పేరు ఒకటి, ఆర్టీజీఎస్ వచ్చిన ఖాతా పేరు ఇంకొకటి అయితే ఆ సంగతి మీకు కనబడాలి.

గోదావరి_సీఎంఏ

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. స్థిరాస్తి 50 లక్షలు దాటింది కాబట్టి మూడు నెలలకోసారి, క్వార్టర్ ముగిసిన తర్వాతి నెల 15లోపు ఎఫ్‌ఐయూకి (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) రిపోర్టు కూడా పంపాలి కదా? రూల్ 3, రూల్ 8లో ఉంది.

రూల్‌_తొమ్మిది

గోదావరి గారూ, ఆ క్లాజు చివరి మాటలు చూడండి. "రిపోర్టింగ్ ఎంటిటీ (ఈ చట్టం బాధ్యతలున్న సంస్థ) రిజిస్టర్ చేసిన" 50 లక్షలు, ఆపై స్థిరాస్తి అని ఉంది. డీడ్ రిజిస్టర్ చేసేది రిజిస్ట్రేషన్ శాఖ. జీపీఏ హోల్డరు సంతకం పెడతాడు, రిజిస్టర్ చేయడు. ఆ త్రైమాసిక రిపోర్టు రాసింది రిజిస్ట్రేషన్ అధికారుల కోసం. సీఏకి 50 లక్షలన్న గీతే లేదు. 85 లక్షల స్థలమైనా, 12 లక్షల స్థలమైనా అమ్మకం చేశారంటే గుర్తింపు, రికార్డు తప్పవు. పెద్దదైతే రిపోర్టు, చిన్నదైతే ఏమీ అక్కర్లేదు అనుకోవడం రెండు వైపులా తప్పే. మీరు ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చారో రెండు వాక్యాల నోట్ ఫైల్లో ఉంచితే రేపు ఎవరైనా అడిగినప్పుడు పనికొస్తుంది.

నగదు సంగతి వేరు. 10 లక్షలకు మించిన నగదు లావాదేవీ, లేదా ఒకదానితో ఒకటి ముడిపడి ఒకే నెలలో జరిగి, మొత్తం 10 లక్షలు దాటిన చిన్న నగదు లావాదేవీలు ఉంటే తర్వాతి నెల 15లోపు పంపాలి. ముక్కలు చేసి 9 లక్షల 50 వేలు రెండుసార్లు ఇస్తే తప్పించుకున్నట్టు కాదు. రూల్ ఆ ముక్కల కోసమే రాశారు.

గోదావరి_సీఎంఏ

నిజమే, "రిజిస్టర్డ్ బై" అన్న మాట దాటేశాను. ధన్యవాదాలండీ.

అమీర్‌పేట_సీఎస్

రెండో ప్రశ్న నాకు వదిలేయండి, మా వాళ్లందరి జబ్బు ఇదే.

మే 3 నోటిఫికేషన్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు మాట లేదని ఊపిరి పీల్చుకునేవాళ్లు మే 9ది చదవరు. అందులో ఉన్నవి: కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు ఫార్మేషన్ ఏజెంటుగా (వాటిని పెట్టించే మధ్యవర్తిగా) ఉండటం, డైరెక్టరుగానో సెక్రటరీగానో తాను ఉండటం లేదా వేరేవాళ్లను పెట్టించడం, భాగస్వామ్య సంస్థలో భాగస్వామి విషయంలోనూ అంతే, రిజిస్టర్డ్ ఆఫీసు, వ్యాపార చిరునామా, ఉత్తరాల చిరునామా ఇవ్వడం, ట్రస్టీగా ఉండటం, వేరొకరి కోసం నామినీ వాటాదారుగా ఉండటం. ఇవి సీఏ, సీఎస్‌లకే కాదు, వ్యాపారంగా చేసే ఎవరికైనా వర్తిస్తాయి. మే 3 జాబితాలో అడ్వకేట్లు లేరు. కానీ అడ్వకేట్ తన ఆఫీసు అడ్రసు నాలుగు కంపెనీలకు ఇస్తే మే 9 కింద దొరుకుతారు. వర్చువల్ ఆఫీసు అమ్మే వాళ్లూ అంతే.

మినహాయింపులు కొన్నే. ఉద్యోగి యజమాని తరఫున చేసేది ఒకటి. ప్రాక్టీసులో ఉన్నవాళ్లు కంపెనీ పెట్టేటప్పుడు కంపెనీల చట్టం 7(1)(బీ) కింద ఇచ్చే డిక్లరేషన్ ఇంకొకటి, అదీ ఆ డిక్లరేషన్ వరకే. స్పైస్ ప్లస్‌లో (కంపెనీ పెట్టే ఫారంలో) డిక్లరేషన్ సంతకం పెట్టడం వేరు. తాత్కాలికంగా మీ ఆర్టికల్ కుర్రాణ్ని (ఫర్మ్‌లో ట్రైనీని) సబ్‌స్క్రైబరుగా (తొలి వాటాదారుగా) పెట్టి "ఖాతా తెరిచాక ట్రాన్స్‌ఫర్ చేసేద్దాంలే" అనడం వేరు. రెండోది నామినీ వాటాదారు కిందికి నేరుగా వస్తుంది.

అద్దె మినహాయింపు ఉందిగా అంటారు. ఉంది. లీజు, సబ్ లీజు, అద్దె ఒప్పందం మీద జరిగి, ఆ ప్రతిఫలం మీద 1961 ఐటీ చట్టంలోని 194-ఐ (అద్దె మీద టీడీఎస్) కింద పన్ను కోత పడేదైతే మినహాయింపు. మీ ఇన్‌వాయిస్ నెలకు 2,000. దాని మీద ఏ పన్నూ కోత పడదు, ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా రాదు. పైగా అది అద్దె కాదు, అడ్రసు వాడుకున్నందుకు ఫీజు. నేను చదివినంతలో మీకు ఈ మినహాయింపు అందదు.

నా సలహా: రెండిట్లో ఒకటి చేయండి. ఒకటి, ఒప్పుకుని పూర్తిగా చేయడం. అంటే కేవైసీ, బెనిఫిషియల్ ఓనర్లు, కంపెనీ ఏం చేస్తోంది, ఉత్తరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి అన్నీ చూసుకోవడం. లేదా కంపెనీని వాళ్ల చోటికి పంపించేయడం. అదే ఊళ్లో మార్పు అయితే బోర్డు తీర్మానం, మారిన 30 రోజుల్లోపు ఐఎన్‌సీ-22 (అడ్రసు మార్పు ఫారం). కొత్త చోటి అద్దె ఒప్పందం, యజమాని నిరభ్యంతరం, రెండు నెలలకు మించని కరెంటు బిల్లు సిద్ధం చేసుకుంటే అయిపోతుంది. అరపూట పని. నేనైతే పంపించేస్తాను. 24 వేల కోసం ఏడాదంతా ఆ కంపెనీ టపా చదవడం నాకు గిట్టుబాటు కాదు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్ కేసులు బయటపడ్డాక, కంపెనీ కాగితాల మీద ఉన్న డైరెక్టరుకు తానే డైరెక్టరునని తెలియని పరిస్థితి అందరూ చూశారు. 2022 సెప్టెంబరులో కంపెనీ వ్యవహారాల శాఖ గురుగ్రామ్, బెంగళూరు, హైదరాబాద్‌లలో సోదాలు చేసింది కూడా డమ్మీ డైరెక్టర్లను సమకూర్చిన వ్యవహారంలోనే. మే 9 జాబితాను ఆ కళ్లతో చదవండి, ఏ మాట ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

చలానా_రాజా

మూడోది. ఇక్కడ సీఏ చట్టం ఒక మాట, పీఎంఎల్‌ఏ ఇంకో మాట అంటాయి. అందుకే గందరగోళం.

సీఏ చట్టం రెండో షెడ్యూలు, మొదటి భాగం, 10వ క్లాజు క్లయింట్ డబ్బును వేరే బ్యాంకు ఖాతాలో ఉంచమంటుంది. అయితే ఫీజుకు, "ఖర్చు పెట్టడానికి ఇచ్చిన డబ్బుకు" అక్కడ మినహాయింపు ఉంది. చలానా డబ్బు ఖర్చు పెట్టడానికి ఇచ్చిందే కాబట్టి మాకేం సమస్య లేదని అందరూ దాని మీద కూర్చుంటారు. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన గురించిన క్లాజు. మే 3 నోటిఫికేషన్‌లో "క్లయింట్ డబ్బు నిర్వహణ" అన్న చోట ఆ మినహాయింపు రాయలేదు. ఒక చట్టంలోని వెసులుబాటు ఇంకో చట్టంలో చెల్లదు.

నెలనెలా ఏడెనిమిది మంది డబ్బు మీ కరెంట్ అకౌంట్‌లో కలిసిపోతోందంటే మీరు చిన్నపాటి బ్యాంకులా ఉన్నారన్నమాట. దాన్ని ఆపేయడమే మంచిది, ఆపడం తేలిక కూడా. చలానా మీరు తయారుచేయండి. చెల్లింపు పద్ధతిగా ఎన్‌ఈఎఫ్‌టీ ఎంచుకుని మ్యాండేట్ ఫారం, సీపీఐఎన్ (చలానా నంబరు) పీడీఎఫ్ క్లయింట్‌కు పంపండి. ఆయన తన బ్యాంకులో కట్టుకుంటాడు. సీపీఐఎన్‌కు 15 రోజుల గడువుంది. 20వ తారీఖు రిటర్న్ కోసం 12 నాటికే పంపితే ఆఖరి నిమిషం గొడవ ఉండదు. నెట్ బ్యాంకింగ్ ఉన్నవాళ్లయితే ఫోన్ మీదే రెండు నిమిషాలు. టీడీఎస్‌కూ ఇదే తంతు.

ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫీజు, స్టాంపుల లాంటివి మీ డబ్బుతో కట్టి, రసీదు జతచేసి రీయింబర్స్‌మెంట్‌గా బిల్లు వేయండి. ముందుగా తీసుకుని నిల్వ ఉంచుకోవద్దు.

ఇక ఏది ఆపకపోయినా దీన్ని మాత్రం ఆపండి. చలానా లక్షా 20 వేలైతే క్లయింట్ 4 లక్షలు పంపి, "పొరపాటున ఎక్కువొచ్చింది సార్, మిగతాది మా బావమరిది అకౌంట్‌కు వేసేయండి" అంటాడు. మీ స్టేట్‌మెంటు మీదుగా ఆ 2 లక్షల 80 వేలు సీఏ ఫర్మ్ చెల్లింపుగా మారి శుభ్రమైపోతుంది. డబ్బు తిరిగి పోవాల్సింది వచ్చిన ఖాతాకే, ఇంకెక్కడికీ కాదు. రెండోసారి జరిగితే అది పొరపాటు కాదని మీకూ తెలుసు.

వాటాల_లెక్క

నాలుగో ప్రశ్నకు: బెన్-2 చాలదు. కారణం లెక్క వేసి చూపిస్తాను.

2023 మార్చి 7 సవరణతో కంపెనీకి బెనిఫిషియల్ ఓనర్ గీత 25 శాతం నుంచి 10కి దిగింది. రూల్ మాట "10 శాతానికి మించి". వాటాలు, మూలధనం, లాభాలు ఏదైనా సరే. హోల్డింగ్ కంపెనీ మనిషి కాదు కాబట్టి దాన్ని దాటి లోపలికి వెళ్లాలి.

హోల్డింగ్‌లో 70 ఉన్నాయన: 60లో 70 శాతం, అంటే 42.
20 ఉన్నవాళ్లు: 12.
10 ఉన్నవాళ్లు: 6.
నేరుగా 30 ఉన్నాయన: 30.
నేరుగా 10 ఉన్నావిడ: సరిగ్గా 10.

పాత గీత ప్రకారం 42, 30 ఉన్న ఇద్దరే. ఇప్పుడు 12 ఉన్నవాళ్లు కలిసి ముగ్గురు. 6 బయట. సరిగ్గా 10 ఉన్నావిడ "మించి" అన్న మాట వల్ల వాటా లెక్కలో బయటే. కానీ వాటాదారుల ఒప్పందం తెప్పించి చూడకుండా ఆవిణ్ని కొట్టేయకండి. డైరెక్టర్లలో ఎక్కువమందిని నియమించే హక్కు, నిర్వహణను శాసించే హక్కు ఉంటే వాటా ఎంతైనా ఆవిడ కంట్రోల్ కింద లెక్కలోకి వస్తారు.

ఇప్పుడు బెన్-2 ఎవరిని చూపిస్తుంది? ఆ రూల్స్ ప్రకారం నేరుగా మాత్రమే వాటా ఉన్న మనిషి అందులోకి రాడు, ఆయన పేరు సభ్యుల రిజిస్టరులోనే ఉంటుంది కాబట్టి. కంపెనీ ద్వారా పట్టుకున్నవాళ్లలో కూడా ఆ కంపెనీలో మెజారిటీ ఉన్నాయనే లెక్క. అంటే మీ బెన్-2లో ఉన్నది 70 శాతం ఆయన ఒక్కడే అయ్యుండాలి. పీఎంఎల్‌ఏకి ముగ్గురు, బెన్-2లో ఒక్కరు. రెండు చట్టాల్లోనూ "10 శాతం" అని కనబడేసరికి ఒకటే జాబితా అనుకుని, ఫారం ప్రింటు తీసి ఫైల్లో పెట్టేస్తున్నారు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

మిగతావి చకచకా: భాగస్వామ్య సంస్థకు 15 నుంచి 10కి తగ్గింది 2023 సెప్టెంబరులో, అక్కడా "మించి"యే. ట్రస్టుకు మాట వేరు, "10 శాతం లేదా ఆపై" వాటా ఉన్న లబ్ధిదారులు, వాళ్లతో పాటు ట్రస్టు పెట్టినవారు, ట్రస్టీలు, చివరికి అధికారం చలాయించే ఎవరైనా. లిస్టెడ్ కంపెనీ, దాని అనుబంధ సంస్థ అయితే వాటాదారుల్లోకి వెళ్లక్కర్లేదు. ఎంత వెతికినా ఏ మనిషీ తేలకపోతే ఉన్నతస్థాయి నిర్వాహకుణ్ని రాసుకోవాలి. ముందే ఎండీ పేరు రాసేసి చేతులు దులుపుకోవడానికి కాదు ఆ వెసులుబాటు.

కంపెనీ కాగితాల్లో ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, ఎంఓఏ, ఏఓఏ, పాన్, బోర్డు తీర్మానం అందరూ తీసుకుంటారు. సీనియర్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్ల పేర్లు, రిజిస్టర్డ్ ఆఫీసు కాక వ్యాపారం నిజంగా జరిగే చోటు, ఈ రెండూ 2023లో చేరినవి. మీ కేసులో రిజిస్టర్డ్ ఆఫీసు మీదే కనుక ఆ రెండో చిరునామా ఖాళీగా ఉంటే అదే పెద్ద ప్రశ్న.

బెజవాడ_లెడ్జర్

చాలా ధన్యవాదాలండీ. చలానా డబ్బు ఆపేస్తాం, అడ్రసు మార్పించేస్తాం. జీపీఏ పని మాత్రం ఉంటుంది కాబట్టి ఇంకో మూడు:

ఎఫ్‌ఐయూలో రిజిస్ట్రేషన్‌కు ఎవరి పేర్లు ఇవ్వాలి? రెండోది, ఇంకో క్లయింట్ బంధువు ఎమ్మెల్యే, ఆ క్లయింట్‌ని పీఈపీ (రాజకీయంగా కీలక పదవితో ముడిపడిన వ్యక్తి) కింద రాయాలా? మూడోది, అనుమానం వచ్చి రిపోర్టు చేస్తే క్లయింట్ రహస్యం బయటపెట్టారని ఇన్‌స్టిట్యూట్‌లో ఫిర్యాదు చేస్తే మా గతి ఏంటి?

రూల్‌_తొమ్మిది

రిజిస్ట్రేషన్ ఎఫ్‌ఐయూ-ఇండియా ఫిన్‌గేట్ పోర్టల్లో. రెండు పదవులు కావాలి. డిజిగ్నేటెడ్ డైరెక్టర్, అంటే ఫర్మ్ అయితే మేనేజింగ్ పార్ట్‌నర్. ప్రిన్సిపల్ ఆఫీసర్, అంటే రిపోర్టులు పంపే మనిషి. 2023 సెప్టెంబరు సవరణ తర్వాత ఈయన మేనేజ్‌మెంట్ స్థాయిలో ఉండాలి, కాబట్టి సీనియర్ అసిస్టెంటు పేరు ఇవ్వకండి. మీరు ఇద్దరున్నారు కనుక ఒకరికి ఒకటి సరిపోతుంది. జీపీఏ పట్టుకున్న భాగస్వామి కాకుండా రెండో ఆయన ప్రిన్సిపల్ ఆఫీసర్ అయితే మేలు. తాను సంతకం పెట్టిన అమ్మకాన్ని తానే అనుమానించాల్సిన అవస్థ ఉండదు.

ఎమ్మెల్యే విషయం: రూల్స్‌లో పీఈపీ అంటే విదేశీ ప్రభుత్వం ముఖ్యమైన ప్రజాపదవి అప్పగించిన వ్యక్తి. మన ఎమ్మెల్యే ఆ నిర్వచనంలోకి రారు. అందుకని మామూలు క్లయింట్‌లా చూడమని కాదు. పెట్టుబడి ఎవరిదన్నది తేలకపోతే మీరే హై రిస్క్‌లో పెట్టి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో గట్టిగా అడగొచ్చు. గడిలో మాత్రం తప్పు పేరు రాయకండి.

పేర్ల గురించి కూడా ఒక మాట. ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏ 51ఏ కింద వచ్చే జాబితాలు, ఐరాస భద్రతా మండలి జాబితాతో క్లయింట్ పేరు పోల్చాలి కదా. మన పేర్లతో వచ్చే చిక్కు, పాన్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. "కె. వెంకట సుబ్బారావు" అని కొట్టి ఏమీ రాలేదంటే వెతికినట్టు కాదు. ఇంటిపేరు పూర్తిగా విప్పి, ముందూ వెనకా మార్చి, పుట్టిన తేదీతో సహా చూడండి. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ ఫైల్లో ఉంచండి.

చలానా_రాజా

రహస్యం విషయంలో భయం అక్కర్లేదు. సీఏ చట్టం రెండో షెడ్యూల్లో క్లయింట్ సమాచారం బయటపెట్టడం దుష్ప్రవర్తన అన్న క్లాజులోనే "అమల్లో ఉన్న చట్టం కోరితే తప్ప" అని ఉంది. పీఎంఎల్‌ఏ 14వ సెక్షన్ సమాచారం ఇచ్చినందుకు సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ ఇస్తుంది. బయటపెట్టకూడనిది ఇంకొకటుంది. రిపోర్టు చేశామన్న సంగతి క్లయింట్‌కు పొక్కకూడదు. "సార్, మీ ఫైలు కాస్త ఇబ్బందిగా ఉంది, పైకి పంపాల్సొచ్చేలా ఉంది" అని మొహమాటానికి చెప్పే ఒక్క మాటే తప్పు. ఇంకా ప్రశ్నలు అడిగితే ఆయనకు విషయం తెలిసిపోతుందనిపిస్తే, అడగడం ఆపి రిపోర్టే పంపాలి.

అనుమానాస్పద లావాదేవీని రిపోర్టు చేయడానికి ఇంత సొమ్ము ఉండాలన్న కనీస పరిమితి ఏమీ లేదు. నగదు కానవసరం లేదు. జరగనవసరం కూడా లేదు, ప్రయత్నం చాలు. మీ పోరంకి స్థలమే తీసుకోండి. కొనేవాడు "డాక్యుమెంటులో 45, చేతికి 40" అన్నాడు, మీ క్లయింట్ ఊఁ అన్నాడు, మీరు సంతకం పెట్టనన్నారు, బేరం చెడింది. అమ్మకం జరగలేదని ఫైలు మూసేయకండి, అది ప్రయత్నం కిందికి వస్తుందేమో ప్రిన్సిపల్ ఆఫీసర్ కూర్చుని నిర్ణయించాలి. పంపకూడదని తేల్చినా కారణం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి.

రిపోర్టులో "లావాదేవీ అనుమానాస్పదంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎవరు, ఏ తేదీన, ఎంత, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, మీకు తెలిసిన ఆయన ఆదాయానికి అది ఎందుకు పొంతన కుదరలేదు, అడిగితే ఏం చెప్పాడు, ఆ జవాబు ఎక్కడ తేలిపోయింది. ఈ వరసలో రాయండి. నేరం రుజువు చేసే పని మనది కాదు. ఎఫ్‌ఐయూ కూడా కేసు పెట్టే సంస్థ కాదు, వచ్చిన సమాచారాన్ని విశ్లేషించి పెట్టేవాళ్లకు పంపే సంస్థ.

అమీర్‌పేట_సీఎస్

రికార్డుల గడువు కూడా రాసుకోండి. లావాదేవీ రికార్డు ఆ తేదీ నుంచి ఐదేళ్లు. గుర్తింపు పత్రాలు, ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం క్లయింట్‌తో సంబంధం ముగిసినప్పటి నుంచి ఐదేళ్లు. డాలస్ ఆయనకు మీరు ఏటా రిటర్న్ వేస్తూనే ఉంటే ఆ గడియారం ఇంకా మొదలవ్వనట్టే లెక్కపెట్టుకోండి. 2031లో గోడౌన్ ఖాళీ చేస్తూ ఈ ఫైలు పారేసే ప్రమాదం ఉంది, అట్ట మీదే "క్లయింట్ వెళ్లాక 5" అని మార్కర్‌తో రాయండి.

జరిమానా 13వ సెక్షన్‌లో ఒక్కో లోపానికి 10 వేల నుంచి లక్ష. చిన్నదిగా కనిపిస్తుంది కానీ "ఒక్కో" అన్న మాట దగ్గర ఆగండి. 2024 జూన్‌లో ఎఫ్‌ఐయూ క్రిప్టో ఎక్స్ఛేంజీ బైనాన్స్‌కు వేసినది 18.82 కోట్లు.

గోదావరి_సీఎంఏ

బెజవాడ గారూ, ఒక చిన్న చేర్పు. ఎంగేజ్‌మెంట్ లెటర్లు మార్చేటప్పుడు ఆడిట్, రిటర్న్ పనికి ఒకటి, జీపీఏ పనికి వేరొకటి పెట్టండి. ఒకే లెటర్లో "మరియు ఇతర సేవలు" అని ఉంటే, ఏది పరిధిలో ఉంది, ఏది లేదు అని రేపు విడదీసి చూపించలేరు. జీపీఏ లెటర్లో ఆస్తి వివరం, ఎంత ధరకు అమ్మే అధికారం, సొమ్ము పోవాల్సిన ఎన్‌ఆర్‌ఓ ఖాతా చివరి నాలుగు అంకెలు రాయించండి. పోరంకి బేరంలో టోకెన్ అడ్వాన్స్ ఇప్పటికే తీసుకుని ఉంటే, అది ఏ ఖాతాకు వచ్చిందో ముందు అది చూడండి.

బెజవాడ_లెడ్జర్

టోకెన్ 2 లక్షలు క్లయింట్ తమ్ముడి ఖాతాకు వేశారట, ఇప్పుడే కనుక్కున్నాను. తమ్ముడికి జీపీఏ లేదు. డాలస్‌కు మెయిల్ పెడుతున్నాను. ఆ 2 లక్షలు వచ్చిన ఖాతాకే వెనక్కి పోయి, మళ్లీ ఎన్‌ఆర్‌ఓకి వచ్చేదాకా డీడ్ డ్రాఫ్ట్ ఆపుతున్నాం.